తిట్లనూ పరీక్షించాలి

రక్తంలో యూరియా పేరుకుపోతే మనిషి మాట మారిపోతుంది. ఊళ్లో నెమ్మదస్తుడని పేరున్న పెద్దాయన కూడా రాత్రుళ్లు నిద్ర పట్టక, ఒళ్లంతా దురదతో, వాంతులతో విసిగిపోయి ఎదురొచ్చినవాళ్ల మీదల్లా కసురుకుంటాడు. జబ్బు ఇంకా ముదిరితే తానెక్కడున్నాడో, ఎదురుగా ఉన్నది ఎవరో తెలియదు. చెయ్యి పట్టుకుని లేపబోయినవాళ్లను తోసేస్తాడు, కొట్టబోతాడు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో పరుచుకున్న కొబ్బరి, జీడి తోటల ఉద్దానంలో, మూలకారణం ఇప్పటికీ తేలని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా తిష్ఠ వేసింది. అటువంటి ఇంటికి అర్ధరాత్రి 108 వస్తే, బండి దిగిన టెక్నీషియన్‌కు మొదట వినబడేది బూతు కావచ్చు. దానికి ఏం జవాబివ్వాలన్న ప్రశ్నకు మన దగ్గర రెండే సమాధానాలు చలామణీలో ఉన్నాయి. ఓర్చుకోవాలి, అదీ ఉద్యోగంలో భాగమే అన్నది ఒకటి. కేసు పెట్టి లోపలేయించాలి అన్నది రెండోది. తెలిసి తిట్టాడా, జబ్బు తిట్టించిందా అని చూడకుండానే ఒకటి క్షమించేస్తోంది, ఇంకొకటి శిక్షించేస్తోంది. అత్యవసర వైద్యంలో తిట్టు కూడా ఒక లక్షణమేనని, జ్వరాన్ని చూసినట్టే దాన్నీ ముందు పరీక్షించాలని నా వాదన. క్షమా, శిక్షా అన్నది ఆ తరవాతి సంగతి. అయితే ఆ పరీక్ష చేసేవాళ్లు దెబ్బ తినకుండా చూసే భారాన్ని వాళ్ల ఓర్పు మీదే వదిలెయ్యకూడదు. ఆ బాధ్యత వాళ్లను పంపించినవాళ్లది.

పరీక్ష అంటే పెద్ద తతంగం అక్కర్లేదు. వేలి కొస మీద ఒక్క సూది గుచ్చి, ఒక్క రక్తపు చుక్క గ్లూకోమీటరు మీద వేస్తే క్షణాల్లో అంకె కనబడుతుంది. చక్కెర 54 కంటే కిందికి పడిపోయినవాడు చెమటలు పట్టి, చూపు నిలవక, మాట తడబడి, అడ్డొచ్చినవాళ్లను కొట్టడానికి లేస్తాడు. చూసేవాళ్లకు అచ్చం తాగినవాడిలాగే ఉంటాడు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ, ఎందుకంటే ఒంట్లోకి వెళ్లిన ఇన్సులిన్‌ను, కొన్ని షుగరు మాత్రలను వదిలించే పని కూడా కిడ్నీలదే. అవి నెమ్మదిస్తే మందు ఒంట్లో ఎక్కువసేపు నిలబడుతుంది. నిన్నటిదాకా సరిపోయిన మాత్రే, ఇవాళ ఒక పూట అన్నం మానేస్తే చక్కెరను పాతాళానికి తోసేస్తుంది. నరంలోకి గ్లూకోజు ఎక్కించిన కొద్ది నిమిషాల్లో అదే మనిషి లేచి కూచుని, తానేమన్నాడో గుర్తులేక చుట్టూ ఉన్నవాళ్ల మొహాలు చూస్తాడు. ఊపిరిదీ ఇదే కథ. డయాలసిస్‌కు వెళ్లాల్సిన రోజు తప్పిపోతే ఒంట్లోంచి బయటికి పోవలసిన నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. మొహానికి పెట్టిన ఆక్సిజన్ మాస్కును రోగి లాగి విసిరేస్తాడు, పెట్టిన చేతిని గోళ్లతో రక్కుతాడు. పడుకోబెట్టిన కొద్దీ ఎదురు తిరుగుతాడు, ఎందుకంటే పడుకుంటే ఊపిరి ఇంకా ఆడదు. లేపి కూర్చోబెట్టి, మాస్కును మెల్లగా దగ్గరికి తెచ్చి, వేలికి ఆక్సీమీటరు తగిలించి చూస్తే అతని కోపం ఎక్కడ పుట్టిందో తెలిసిపోతుంది.

ఈ జాబితా కిడ్నీతో ఆగదు. మూర్ఛ వచ్చి తగ్గిన మనిషి కాసేపు అయోమయంలో ఉంటాడు. ఆ స్థితిలో అదిమి పట్టుకుంటే పెనుగులాడతాడు. రోజూ తాగే అలవాటున్నవాడు ఏ కాలు విరిగో ఆసుపత్రి మంచం ఎక్కితే, చివరి చుక్క తాగిన రెండు మూడు రోజులకు వణుకు, లేనివి కనిపించడం, కేకలు మొదలవుతాయి. పొరుగు మంచాలవాళ్లు పిచ్చెత్తిందంటారు. పురుగుమందు తాగినవాళ్లకు ప్రాణం పోసే అట్రోపిన్ మోతాదు మించితే ఆ మందే మనిషిని వెర్రెత్తిస్తుంది. నోరెండిపోయి, ఒళ్లు కాలిపోతూ, సెలైను గొట్టాలు పీకేసుకుంటాడు. అంటే ఒక్కోసారి తిట్టిస్తున్నది మనం ఎక్కించిన మందే. ఇన్ని కారణాలు ఉండగా, బెడ్డు దగ్గరికి రాగానే సారా వాసన తగిలిందని "తాగేసొచ్చాడు, పడుకోనీ" అనేయడం అత్యవసర విభాగాల్లో జరగగల పెద్ద పొరపాటు. జాతీయ రహదారి 16 మీద రాత్రిపూట బండి మీంచి పడ్డవాడి నోట్లో సారా వాసనా ఉండొచ్చు, పుర్రె లోపల రక్తం గడ్డా ఉండొచ్చు. వాసన దగ్గరే పరీక్ష ఆగిపోతే రెండోది తెల్లారాక గానీ బయటపడదు. తాగి వచ్చి తిట్టేవాడి మీద జాలి పడమని నేను అనడం లేదు. జాలితో నిమిత్తం లేకుండానే అతని చక్కెర, ఆక్సిజన్, కనుపాపలు చూడాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వెంటనే వస్తుంది, అది న్యాయమైనదే కూడా. కారణం వెతుకుతూ కూచుంటే ఈలోపు దెబ్బ తినేది ఎవరు? 2024 ఆగస్టులో తిరుపతి స్విమ్స్ అత్యవసర విభాగంలో ఒక రోగి, విధుల్లో ఉన్న ఒక జూనియర్ వైద్యురాలి వెనక నుంచి వచ్చి, జుట్టు పట్టి, తలను మంచం కమ్మీకేసి కొట్టాడు. తోటి వైద్యులు పరుగెత్తుకొచ్చి విడిపించారు. ఆ సమయంలో అక్కడ భద్రతా సిబ్బంది ఎవరూ లేరని ఆమె డైరెక్టరుకు రాసిన లేఖలో చెప్పారు. అంతకు ముందు ఏడాది, 2023 మే 10న, కేరళలోని కొట్టారక్కర తాలూకా ఆసుపత్రిలో కాలి గాయానికి కట్టు కట్టించడానికి పోలీసులు తీసుకొచ్చిన మనిషి, అక్కడి కత్తెరే అందుకుని యువ వైద్యురాలు వందనా దాస్‌ను పొడిచి చంపాడు. ఈ రెండు ఘటనల్లోనూ ఓర్పు గురించి వైద్యురాళ్లకు పాఠం చెప్పడానికి ఎవరికీ నోరు రాకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో వైద్య సిబ్బందిలో 8 నుంచి 38 శాతం మంది ఉద్యోగ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దెబ్బలు తింటున్నారు. తిట్లూ బెదిరింపులూ తిన్నవాళ్లు అంతకన్నా ఎక్కువ. కాబట్టి కారణం చూడడమంటే దగ్గరికి పోయి మొహం మీద మొహం పెట్టడం కాదు. అమెరికాలో అత్యవసర మానసిక వైద్యులు 2012లో వెలువరించిన మార్గదర్శకాలు మొట్టమొదట చెప్పే మాట దూరం గురించే: ఉద్రేకంలో ఉన్న మనిషికీ మీకూ మధ్య రెండు చేతుల బారంత జాగా ఉండాలి, తలుపు దారి అతనికీ మీకూ ఇద్దరికీ తెరిచి ఉండాలి. అతనికి వీపు తిప్పకూడదు. కత్తెర, బ్లేడు, సెలైను స్టాండు అతని చేతికి అందే చోట ఉండకూడదు. గుంపుగా చుట్టుముట్టి తలా ఒక మాట అనకూడదు. మాట్లాడేది ఒక్కరే అయి ఉండాలి.

ఆసుపత్రి గదికి రాసిన ఈ నియమాలు 108 బండిలోకి వచ్చేసరికి ఇరుకున పడతాయి, మన చర్చల్లో ఎవరూ పట్టించుకోనిది ఇదే. బండి కదిలాక వెనక ఉండేది టెక్నీషియన్ ఒక్కరే. పైలట్ చేతులు స్టీరింగు మీద, కళ్లు రోడ్డు మీద ఉంటాయి. స్ట్రెచరుకూ సీటుకూ మధ్య రెండు చేతుల బారు కాదు గదా, ఒక చేతి బారు కూడా ఉండదు. పలాస నుంచి శ్రీకాకుళం పెద్దాసుపత్రి దాదాపు 80 కిలోమీటర్లు. కేజీహెచ్‌కి రాసేస్తే విశాఖ దాకా సుమారు 190. అంత దూరం ఒక మనిషి, ఉద్రేకంలో ఉన్న ఇంకో మనిషితో తలుపు మూసిన పెట్టెలో ప్రయాణం చేయాలి. అందుకే ఎక్కించక ముందే నిర్ణయాలు జరిగిపోవాలి. రోగి మాట వినే బంధువును ఒకరిని వెనక కూర్చోబెట్టాలి. తగువు పెంచే బంధువును ముందుకో, వేరే బండికో పంపాలి. చక్కెర, ఆక్సిజన్ చూడడం, కావలసిన గ్లూకోజు ఎక్కించడం ఇంటి ముంగిట్లోనే అయిపోవాలి. దారిలో ప్రమాదం అనిపిస్తే బండిని వెలుతురున్న చోట ఆపి, కిందికి దిగి, పోలీసులకూ కంట్రోల్ రూముకూ చెప్పే అధికారం టెక్నీషియన్‌కు ఉండాలి. పల్లెల్లో బండి 20 నిమిషాల్లో చేరాలి అన్న లక్ష్యం మంచిదే. దారిలో ఆగిన పది నిమిషాలకు సంజాయిషీ అడిగే పై అధికారి ఉంటే మాత్రం, ఆగాల్సిన చోట కూడా ఎవరూ ఆగరు.

మాట సంగతికి వద్దాం. ఉద్రేకాన్ని దించే మాటలకు ప్రత్యేకమైన తెలివేమీ అక్కర్లేదు గానీ అభ్యాసం కావాలి, ఎందుకంటే తిట్టు తిన్న నోట సహజంగా వచ్చేది తిట్టే. చిన్న వాక్యాలు, ఒక్కో విషయమే, నెమ్మదిగా. "ఊపిరాడట్లేదా బాబూ? లేచి కూకో, ఈ మాస్కు నువ్వే పట్టుకో" అన్న మాటలో చికిత్సా ఉంది, రోగి చేతికి కాస్త అధికారం అప్పగించడమూ ఉంది. "ఏయ్ ముసలోడా, కదలకు" అన్న మాటలో ఈ రెండూ లేవు. తాత అనో, పెద్దనాన్న అనో పిలిపించుకుని బతికిన మనిషికి జబ్బు కంటే ఆ పిలుపే ముందు గుచ్చుకుంటుంది. ఇచ్ఛాపురం, పలాస వైపు ఇంట్లో ఒడియా మాట్లాడేవాళ్లున్నారు. మందస కొండల్లో సవరలున్నారు. మతి తప్పుతున్న మనిషి తన ఇంటి భాషలోకే వెళ్లిపోతాడు. తెలుగులో అడిగినదానికి జవాబు రాకపోతే మొండికేశాడని అనుకోవడం తేలిక. ఈ ప్రాంతపు 108 సిబ్బందికి నాలుగు ఒడియా మాటలు, నాలుగు సవర మాటలు నేర్పడం ఖర్చు లేని పని. మాటతో లొంగనివాడిని పట్టి ఉంచక తప్పని సందర్భాలూ వస్తాయి. అప్పుడు కూడా తువ్వాళ్లతో కాళ్లూ చేతులూ కట్టి బోర్లా పడేసి వీపు మీద కూర్చోవడం చాలా ప్రమాదం. ఊపిరి తిరగక ప్రాణం పోవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కట్టివేతను కేవలం తక్షణ హాని తప్పించడానికే, వేరే దారి లేనప్పుడే, అవసరమైనంతసేపే అని కట్టడి చేసింది. ఆ చట్టం మానసిక ఆరోగ్య కేంద్రాలకు రాసిన నియమమే అయినా, అందులోని జాగ్రత్త ఏ మంచం దగ్గరైనా పాటించదగ్గదే.

ఇప్పటిదాకా రోగి గురించే మాట్లాడాను. మన దగ్గర చేయి చేసుకునేది చాలాసార్లు వెంట వచ్చినవాళ్లు. 2020 జూన్‌లో హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో కోవిడ్ రోగి చనిపోయాక బంధువులు జూనియర్ డాక్టరు మీద దాడి చేశారు. జూనియర్ డాక్టర్లు విధులు ఆపి రోడ్డెక్కారు. బంధువుల కోపాన్ని రోగి కోపంలాగా చక్కెర చూసి తేల్చలేం. దాని మూలం ఎక్కువసార్లు ఏం జరుగుతోందో తెలియకపోవడం, తెలియజెప్పేవాళ్లు లేకపోవడం. దీనికి మంచి రుజువు ఇంగ్లండు నుంచి ఉంది. అక్కడి డిజైన్ కౌన్సిల్ 2011లో అత్యవసర విభాగాల కోసం ఒక పద్ధతి తయారుచేయించింది. మీరు ఇప్పుడు ఏ దశలో ఉన్నారు, తరవాత ఏం జరుగుతుంది, మీ తరవాత వచ్చినవాళ్లను ముందు ఎందుకు తీసుకెళ్లారు అన్నది గోడల మీదా, మంచాల పక్కా స్పష్టంగా రాసి పెట్టడం. ప్రయోగం చేసిన ఆసుపత్రుల్లో బెదిరింపు ప్రవర్తన సగానికి తగ్గింది. పెట్టిన ఒక్కో పౌండుకు మూడు పౌండ్ల మేలు జరిగిందని అంచనా వేశారు. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. టెక్కలిలో జిల్లా ఆసుపత్రి ఉంది. ఈ రెండు చోట్లా అత్యవసర విభాగం గోడ మీద తెలుగులోనూ ఒడియాలోనూ అలాంటి బోర్డులు, చదవలేనివాళ్లకు అరగంటకోసారి బయటికొచ్చి నోటితో చెప్పే మనిషి ఒకరు ఉంటే, పోలీసు ఔట్‌పోస్టు చేసే పనిలో చాలా భాగం ముందే అయిపోతుంది. "విశాఖ రాసేశారు" అన్న ఒక్క ముక్క తప్ప, ఎందుకు రాశారో, ఇక్కడ లేనిది అక్కడ ఏముందో ఎవరూ చెప్పకపోతే, ఆ కుటుంబానికి అది వదిలించుకోవడంలాగే వినబడుతుంది.

నమ్మకం విషయంలో ఈ ప్రాంతానికి చేదు జ్ఞాపకాలున్నాయి. 2020 జూన్‌లో పలాసలో చనిపోయిన ఒక వృద్ధుడికి కోవిడ్ అని తేలితే, శవాన్ని జేసీబీలో తరలించారు. మున్సిపల్ కమిషనరును సస్పెండ్ చేశారు. 2021 ఏప్రిల్‌లో అంబులెన్సు దొరక్క మందస మండలానికి చెందిన ఒకావిడ మృతదేహాన్ని కొడుకూ అల్లుడూ మోటారు సైకిలు మీద ఊరికి తీసుకెళ్లారు. ఈ రెండు దృశ్యాలూ దేశమంతా చూసింది. ఆ తరవాత ఎప్పుడో, వాటితో ఏ సంబంధమూ లేని ఒక టెక్నీషియన్ ఏ గ్రామంలోనో బండి దిగితే, ఆ కోపం కూడా అతని నెత్తినే పడుతుంది. ఇది అతనికి జరిగే అన్యాయం. ఈ అన్యాయాన్ని అతను నవ్వుతూ మోయాలని అనడానికి నాకు మనసొప్పదు. "ఇంత ఆలస్యం ఏటి?" అని అరిచినవాడికి "నిజమే, మీకు ఆలస్యమైంది, ఇప్పుడు ముందు ఈయన సంగతి చూద్దాం" అని చెప్పగలిగితే అరుపు అక్కడితో ఆగే అవకాశం మాత్రం ఉంది. వాదనకు దిగితే ఆగదు.

కఠినమైన చట్టం ఉంటే ఇదంతా ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. చట్టం లేక కాదు. ఆంధ్రప్రదేశ్‌లో వైద్య సిబ్బంది మీద దాడుల నివారణ చట్టం 2008లోనే వచ్చింది. మూడేళ్ల దాకా జైలు, 50 వేల రూపాయల దాకా జరిమానా, బెయిలు దొరకని నేరం, విరగ్గొట్టిన పరికరాలకు ఖరీదుకు రెండింతలు చెల్లింపు. అది అమల్లో ఉండగానే పదహారేళ్ల తరవాత స్విమ్స్ ఘటన జరిగింది. చక్కెర పడిపోయినవాడికి సెక్షన్లు గుర్తురావు గదా. కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో వైద్యురాలిపై జరిగిన ఘోరం తరవాత సుప్రీంకోర్టు వేసిన జాతీయ టాస్క్‌ఫోర్స్ కూడా కొత్తగా ప్రత్యేక కేంద్ర చట్టం అవసరం లేదనే తేల్చింది. ఇంకొందరు తిట్టేవాడికి వైద్యమే మానెయ్యాలంటారు. జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో తెచ్చిన నియమావళి, దూషించే, దౌర్జన్యం చేసే రోగులకు చికిత్స నిరాకరించే వీలు డాక్టర్లకు ఇచ్చింది. ఇతర అంశాల మీద గొడవ రేగి ఆ నెలలోనే దాన్ని పక్కన పెట్టారు. ఆ నియమావళి కూడా ప్రాణాపాయ స్థితిని మినహాయించింది. ప్రాణం కాపాడడం ప్రతి డాక్టరు విధి అని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పనే చెప్పింది. ఇంగ్లండులో సిబ్బందిని అవమానించేవాళ్లను ఆసుపత్రులు తిప్పి పంపగలవు గానీ, అక్కడా అత్యవసర చికిత్సకు ఆ నియమం వర్తించదు.

అయినా పరీక్షలన్నీ సరిగ్గా ఉండి, మతి స్థిమితంగా ఉండి, కావాలనే నర్సుతో అసభ్యంగా మాట్లాడేవాడు, చేయి వేసేవాడు ఉంటాడు. అతని దగ్గర ఈ వాదన ముగిసిపోతుంది. అక్కడ ఆమె ఒక్కసారి స్పష్టంగా హెచ్చరించి, ఆగకపోతే పక్కకు తప్పుకోవాలి, ఇంకొకరు, వీలైతే ఇద్దరు కలిసి, ప్రాణానికి అవసరమైన చికిత్స పూర్తి చేయాలి, ఫిర్యాదు వెళ్లాలి. "పోనీలే అమ్మా, రోగి గదా" అని ఆమెకు సర్దిచెప్పే పై అధికారి ఆమెను రెండోసారి అవమానిస్తున్నాడు. జబ్బు వల్ల తిట్టినవాడిని వదిలెయ్యమని నేను వాదించేది, తెలిసి తిట్టినవాడిని పట్టుకోవడానికి కూడా. పరీక్ష చేయకుండా అందరినీ ఒకే గాటన కడితే, రోగులందరి మీదా కేసులు పెట్టలేక చివరికి ఎవరి మీదా పెట్టరు.

ఫిర్యాదు భారం కూడా దెబ్బ తిన్న మనిషి మీద ఉండకూడదు. 2024 ఆగస్టు 16న కేంద్ర ఆరోగ్య శాఖ తన ఆసుపత్రులకు ఒక ఆదేశం ఇచ్చింది: విధుల్లో ఉన్నవాళ్ల మీద దాడి జరిగితే ఆరు గంటల్లోగా సంస్థ తరఫున ఎఫ్ఐఆర్ దాఖలు చేయించే బాధ్యత సంస్థ అధిపతిదే. 108 నడిపే సంస్థకూ, మండల స్థాయి ఆసుపత్రులకూ ఇదే నియమం రావాలి. లేకపోతే రాత్రి షిఫ్టు దిగిన టెక్నీషియన్ నిద్ర మానుకుని, తన ఖర్చుతో కాశీబుగ్గ స్టేషనుకో, టెక్కలి స్టేషనుకో తిరగాలి. రెండోసారి ఎవరూ తిరగరు. ఫిర్యాదుకైనా, చికిత్సకైనా మొదట కావలసింది ఒక కాగితం. బండిలో రాసే కేసు షీటులో "రోగి సహకరించలేదు" అన్న రెండు మాటలతో సరిపెడితే డాక్టరుకూ ఉపయోగం లేదు, పోలీసుకూ లేదు. ఎన్నింటికి అరవడం మొదలుపెట్టాడు, ఏమన్నాడు, ఆ క్షణాన చక్కెర ఎంత, ఆక్సిజన్ ఎంత, పేరూ ఊరూ అడిగితే చెప్పగలిగాడా, చివరి డయాలసిస్ ఎప్పుడు, గ్లూకోజు ఎక్కించాక మారాడా లేదా, పక్కన ఎవరున్నారు. ఈ వివరాలతో కాగితం చేతికొస్తే ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు మందు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకుంటాడు, ఎస్ఐ కేసు కట్టాలా వద్దా అన్నది తెలుసుకుంటాడు.